అర గుర్రం రాసే ఉత్తరం

ఒరేయ్ సున్నా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తెలుసు. తిట్టు, పడతాను. ఇంట్లో అందరూ కులాసా, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కొత్త ఉద్యోగం ఫరవాలేదు. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

నేను అర గుర్రాన్నిరా! ముందు సగమా, వెనక సగమా అని అడక్కు.

మా ఆఫీసులో లిఫ్ట్ పాడైంది. మాది మూడో అంతస్తు, 60 మెట్లు. రోజూ ఆయాసపడుతూ ఎక్కుతుంటే నా సామర్థ్యమెంతో, అంటే సెకనుకి ఎంత పని చేస్తానో తేల్చాలన్న పిచ్చి పుట్టింది. స్కేలు పెట్టి కొలిచాను. మెట్టు 15 సెంటీమీటర్లు, మొత్తం ఎత్తు 9 మీటర్లు. వచ్చేపోయేవాళ్లు అదోలా చూశారనుకో. సాయంత్రం అందరూ వెళ్లాక, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి ఒకటే పరుగు. 17 సెకన్లు! పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడితే ఐదు నిమిషాలు నోట మాట లేదు.

ఇక లెక్క. నా బరువు 72 కిలోలు, ఇంటూ 9, 648. దాన్ని 17తో భాగిస్తే 38 వాట్లు. ప్రాణం ఉసూరుమంది. సీలింగ్ ఫ్యాన్ కూడా నాకంటే నయం కదరా! అర్ధరాత్రి దిగ్గున లేచి కూర్చున్నా. కిలోలు ద్రవ్యరాశి, బలం కాదు! గురుత్వ త్వరణం 9.8తో గుణించడం మరిచిపోయా. యూనిట్ టెస్టులో ఇద్దరం అదే చోట మార్కులు పోగొట్టుకుంటే, 'కాపీ కొట్టడానికి వీడే దొరికాడా' అని మాస్టారు నిన్నడిగారే, అదే తప్పు. ఇన్నేళ్లకు మళ్లీ.

72 ఇంటూ 9.8 ఇంటూ 9, సుమారు 6,350 జౌళ్ల పని. బై 17, 373 వాట్లు. ఒక హార్స్ పవర్ అంటే 746. సరిగ్గా సగం!

మర్నాడు నింపాదిగా ఎక్కా, 45 సెకన్లు. పని అదే 6,350, సామర్థ్యం మాత్రం 141కి పడిపోయింది. ఇంతా చేసి ఆ జౌళ్లతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పన్నెండు నిమిషాలైనా వెలగదు. ఒక యూనిట్ కరెంటుకి 567 సార్లు ఎక్కాలి. అప్పట్నుంచి ఇంట్లో లైట్లు ఆర్పుతూ తిరుగుతున్నా, మా ఆవిడ నవ్వుతోంది.

అన్నట్టు, క్లాసులో మాస్టారు నిన్ను సంచి నెత్తిన పెట్టుకుని నిలబడమంటే, 'స్థానభ్రంశం సున్నా మాస్టారూ, కాబట్టి నేను చేసిన పనీ సున్నా' అన్నావు చూడు! సంచి మీద చేసిన పని సున్నాయే, ఒప్పుకుంటా. మరి చేతులెందుకు పీకాయంటావ్? కదలకపోయినా కండరాలు బిగుసుకుని ఉండటానికి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది, అదంతా వేడిగా పోతుంది. ఆ మాట ఆయన అప్పుడే చెప్పుంటే... పోనీలే. ఉండుంటే ఈ లెక్క ముందు ఆయనకే రాసేవాణ్ణి.

నువ్వూ ఎక్కి చూడు. బరువు ఇప్పటిది వెయ్యి, పెళ్లినాటిది కాదు. ఎత్తు నిట్టనిలువుగా కొలువు, మెట్ల వాలు వెంట కొలిచావంటే మళ్లీ... ఉండు, లిఫ్ట్ బాగైందట, కింద నుంచి అరుస్తున్నారు. మిగతాది తర్వాత