షటిల్ కిట్‌లో పైలట్ మోకాళ్లకు జాగా లేదు

నల్లగొండ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: గెలీలియో షటిల్‌క్రాఫ్ట్ 1/24 మోడల్ కిట్‌లో లోపలి భాగాల కొలతలు తప్పుగా ఉండటం గురించి.

అయ్యా,

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోని చిన్న అంతరిక్ష వాహనం గెలీలియో. దాన్ని 24వ వంతు కొలతలో కట్టుకునే మీ కిట్‌ను పోయిన నెల 4,200 రూపాయలు పెట్టి కొన్నాను. డబ్బా మీద "లోపల, బయట ఒకే స్కేలు" అని పెద్దక్షరాల్లో అచ్చేశారు. ఆ మాట చూసే కొన్నాను.

బయటి గుల్లకు వంక పెట్టను. స్టార్ ట్రెక్ కథలో ఆ వాహనం పొడవు 24 అడుగులని చెప్తారు. మీ గుల్ల సరిగ్గా 12 అంగుళాలుంది. పని చెడింది కాక్‌పిట్ దగ్గర. పైలట్ సీటు ఎత్తు 13 మిల్లీమీటర్లు. 24తో హెచ్చవేస్తే అడుగు మీద రవ్వంత. అది కుర్చీ కాదు, పీట. మీరిచ్చిన పైలట్ బొమ్మేమో 76 మిల్లీమీటర్లు, అంటే ఆరడుగుల మనిషి. కూర్చోబెడితే మోకాళ్లు కన్సోల్ (మీటలుండే బల్ల) అంచుకు ఒరుసుకుని నడుము సీటు మీంచి లేస్తోంది. నిలబెడదామంటే కప్పు ఎత్తు 64 మిల్లీమీటర్లు మాత్రమే. మా నాయన దేవరకొండ రూట్ల ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. చేతిలోకి తీసుకోగానే సీటే చూసిండు. "గీడ కూసున్నోడు కాళ్లు యాడ వెట్టుకోవాలె బిడ్డా?" అన్నడు.

అసలు చిక్కు మీకు తెలియనిది కాదు. ఈ వాహనంలో ఏడుగురు ప్రయాణించే "ది గెలీలియో సెవెన్" ఎపిసోడ్ 1967 జనవరిలో ప్రసారమైంది. దానికోసం బయటి నమూనా ఒకటి కట్టారు, లోపలి సెట్టు విడిగా వేశారు. సెట్టులో నటులు నిటారుగా నడిచారు. ఆ ఎత్తు బయటి నమూనాలో పట్టదు. ఏడుగురి గది ఆ గుల్లలో ఇమడదని మోడళ్లు కట్టేవాళ్లకు ఎరుకే. ఆ సంగతి డబ్బా మీద రాస్తే సంతోషంగా కొనేవాణ్ని. మీరు చెప్పకుండా సీట్లు కుదించి లోపల కుక్కారు.

ఫోన్ చేస్తే మీవాళ్లు "ఊహల్లో బండికి కొలతలేంటండీ" అన్నారు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే నన్ను బాధపెట్టింది. లేని బండి కాబట్టే, అందులో మనిషి కూర్చోగలడని కొలతతోనే నమ్మించాలి కదా.

డబ్బు వాపసు అడగటం లేదు. నిజమైన 1/24 కొలతలో కాక్‌పిట్, ఏడు సీట్లు, కన్సోల్ పంపండి. గుల్లలో పట్టకపోతే పక్కన పెట్టి చూపిస్తాను. డబ్బా మీది ఆ మాట తీసేయండి. బిల్లు, స్కేలు ఆనించి తీసిన ఫోటోలు జత చేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

పైలట్‌కు రంగు వేయడం అయిపోయింది. సీటు కోసమే ఆగాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు