బీఏ అంటే అంత చిన్నచూపు ఎందుకు?

సంపాదకునికి,

మా అమ్మాయి ఇంటర్‌లో మంచి మార్కులతో పాసై బీఏలో చేరతానంటే చుట్టాలంతా నన్నే తప్పుపట్టారు. "ఇంజనీరింగ్ సీటు రాలేదా బావా?" అని అడిగినవాళ్లే ఎక్కువ.

మొన్న వేసవిలో కౌలు రైతుల మీద ప్రాజెక్టు అంటూ మా ఊళ్లోనే నలభై ఇళ్లు తిరిగింది. ఎదురింటాయన ఏళ్ల తరబడి కౌలు చేస్తున్నా కౌలు కార్డు లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి, ఆ యజమానేమో సంతకం పెట్టడు. కార్డు లేక బ్యాంకు అప్పు పుట్టక, బయట వడ్డీకి తెచ్చుకుంటున్నాడు. రోజూ పలకరించే మనిషి కష్టం మా అమ్మాయి నోట్‌బుక్ చదివితే గానీ నాకు తెలియలేదు.

అలాంటి చదువు చేతికి అందకుండా పోతోంది. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం, అంటే ఒక్క సబ్జెక్టునే ప్రధానంగా చదివే పద్ధతి వచ్చింది. అంతకుముందు బీఏలో చరిత్ర, ఎకనామిక్స్, పాలిటిక్స్ లాంటి మూడు సబ్జెక్టులూ సమానంగా చదివేవారు. కౌలు సమస్య అర్థం కావాలంటే ఆ మూడూ కావాలి కదా! మా దగ్గరి కాలేజీలో అయితే పిల్లలు చాలినంతమంది చేరలేదని చరిత్ర మేజర్ ఎత్తేశారు.

ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా గ్రూప్స్ కోసం కోచింగ్ సెంటర్లలో డబ్బు కట్టి నేర్చుకునేది ఈ సబ్జెక్టులనే. పిల్లలు తక్కువని మేజర్లు ఎత్తేయకుండా, బీఏలో మూడు సబ్జెక్టులకూ మళ్లీ సమాన చోటు ఇవ్వాలని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను.

— ఒక విద్యార్థిని తండ్రి, బాపట్ల జిల్లా