రేడియేటర్ మూత

విజయవాడ,
ఆదివారం.

అమ్మలూ,

ఫోన్లో చెబితే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను. కారు బాగయింది. తప్పంతా రేడియేటర్ మూతదే.

రెండేళ్ల కిందట శ్రీశైలం వెళ్తూ దోర్నాల ఘాట్‌లో బండి పొగలు కక్కితే, నువ్వు ఫోన్లోనే ‘నాన్నా, ముందు క్యాప్ చూడు’ అన్నావు గుర్తుందా? ‘నాలుగు పుస్తకాలు చదివి మాకు నేర్పొచ్చావా’ అని కసిరాను. అయినా ఇంటికొచ్చాక కొత్త మూత కొన్నాను. అది బిగించినా ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. ఇంకేముంది, మూత తప్పు కాదని తేల్చేసి, ఇంజన్ హెడ్ విప్పించి దాని కింది గ్యాస్కెట్ మార్పించాను. ఎంతైందో మీ అమ్మకి చెప్పలేదు, నువ్వూ అడక్కు.

మొన్న పాత మూతనీ కొత్త మూతనీ పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం వచ్చింది. మీ అమ్మ చపాతీలు చేస్తోంది. ఉసిరికాయంత పిండి తెచ్చి, రేడియేటర్ మెడ లోపల రబ్బరు ఆనే అంచు మీద అంటించి, కొత్త మూత బిగించి తీశాను. పిండి మీద గీత కూడా పడలేదు! మన మెడ లోతు అంగుళం. కొత్త మూత కాలు, అంటే లోపలికి దిగే భాగం, ముప్పావే. పైన చక్కగా బిగుసుకుంటుంది, లోపల మాత్రం దేనికీ ఆనదు. మూత లేనట్టే లెక్క. నీ మాట తప్పని నేను తేల్చింది దీన్ని చూసి.

మన బండికి సరిగ్గా సరిపోయే మూత కోసం తిరిగాను. మనది 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్, ఆ కారు తయారీయే 2014లో ఆగిపోయింది, దుకాణాల్లో ఏదిస్తే అది తీసుకోవాల్సిందే. ఒకతను ‘15 పౌండ్ల ఒత్తిడి ఆపేది వేసుకోండి సార్, ఇంకా గట్టిది’ అన్నాడు. తాతయ్య నాటి రేడియేటర్ అతుకులు దానికి తట్టుకుంటాయా? వద్దన్నాను. పాతదాన్నే బాగుచేద్దామని కూర్చున్నాను.

దాని రబ్బరు వాషర్ కొబ్బరి చిప్పలా గట్టిపడి, అంచు ఆనే చోట గోరు దిగేంత గాడి పడింది. ఆవిరి దారి అదే. చిన్న స్క్రూడ్రైవర్‌తో లేపితే ముక్కలుగా వచ్చింది. ఇత్తడి మీద పట్టిన తెల్లటి పొరని చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమాను. మధ్యలో చిన్న వాల్వ్ ఉంటుంది చూడు, ఇంజన్ చల్లారినప్పుడు గాలి లోపలికి తీసుకునేది, అది కూడా బిరుసెక్కింది. వేలితో లాగి వదిలితే టక్కున మూసుకునేదాకా వదల్లేదు. అది పట్టేస్తే పై హోస్ పైపు లోపలికి పీల్చుకుపోయి చదునైపోతుంది.

మొదట సైకిల్ ట్యూబ్ కోసి వేశాను. వారానికే ఉబ్బిపోయింది. తర్వాత ఆటోనగర్‌లో వేడికి ఓర్చే రబ్బరు షీటు కొని, అక్కడే పంచ్‌తో కొట్టించి, వేడినీళ్లలో మెత్తబరిచి ఎక్కించాను. అక్కడి కుర్రాడు ఒత్తిడి కొలిచే చేతిపంపుకి మూత బిగించి గాలి కొట్టాడు. ముల్లు మూడు, నాలుగు, ఐదు... ఆరున్నర దాటాక సుర్‌ర్‌మని వదిలింది. మూత మీద ఉన్న అంకె 7. పాత రబ్బరుతో రెండు కూడా నిలవలేదు.

మీ అమ్మకి కుక్కర్‌తో పోల్చి చెప్పాను. కుక్కర్ సుమారు 15 పౌండ్ల దగ్గర విజిల్ వేస్తుంది, మన మూతకి అందులో సగమే. ఆ ఏడు పౌండ్లు నిలబడితే చాలు, నీళ్లు 111 డిగ్రీల దాకా మరగవు అన్నాను. అంతా విని, ‘గ్యాస్కెట్ గట్టిపడితే కుక్కర్ పక్కల్నుంచి ఆవిరి పోదూ? ఇది తెలియడానికి మీకు రెండేళ్లా?’ అంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు బండి నువ్వే తోలు. నీళ్లు మెడ అంచుకి అంగుళం కిందికే పొయ్యి, నిండా పోస్తే వేడికి బయటికి తోసేస్తుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోకు. నా ఎడమ మోచేతి మీది మచ్చ సంగతి నీకు తెలుసుగా.

కొత్త మూత పారెయ్యలేదు. నీ బల్ల మీద పెట్టాను, వచ్చి చూసుకో.

ఆశీస్సులతో,
నాన్న