మన రోడ్‌స్టర్ ఈ ఆగస్టులో ఉప్పు మైదానానికి ఎందుకు వెళ్లడం లేదు

కాలిఫోర్నియాలో, రివర్‌సైడ్ దగ్గరున్న మా చిన్న షాపులో పాత కార్లు బాగుచేయించుకుంటున్న తెలుగు మిత్రులందరికీ నమస్కారం. షాపు వెనక షెడ్డులో రెండేళ్లుగా కడుతున్న 1929 ఫోర్డ్ మోడల్ ఎ రోడ్‌స్టర్‌ను ఈ ఆగస్టులో యూటాలోని బోన్‌విల్ ఉప్పు మైదానం మీద జరిగే స్పీడ్ వీక్ వేగ పోటీలకు తీసుకెళ్తామని ఉగాదినాడు మీ అందరి ముందూ గొప్పగా చెప్పాను. తీసుకెళ్లలేకపోతున్నాము. ఇందుకు కారణం ఆర్డరు కాగితం మీద నా చేత్తో నేనే రాసిన ఒక అంకె.

ఇది అర్థం కావాలంటే ఈ పోటీ తీరు కొంచెం చెప్పాలి. బోన్‌విల్‌లో కార్లు ఒకదానితో ఒకటి పరుగెత్తవు. ఒక్కొక్క కారు ఒంటరిగా వెళ్లి, తన వర్గంలో అప్పటికి ఉన్న రికార్డును దాటడానికి ప్రయత్నిస్తుంది. 1937లో ఏర్పడిన సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ 1949 నుంచి అక్కడ స్పీడ్ వీక్ నడుపుతోంది, వర్గాల నియమాలు కూడా ఆ సంఘానివే. రోడ్‌స్టర్ అంటే 1923 నుంచి 1938 వరకు అమెరికాలో తయారైన పైకప్పు లేని కారు బాడీ అయి ఉండాలి, దాని ఎత్తు, వెడల్పు, ఒంపులు మార్చకూడదు. గాలిని చీల్చుకుపోవడానికి ముందు భాగాన్ని మూతిలా సాగదీస్తే అది మాడిఫైడ్ రోడ్‌స్టర్ అయిపోతుంది, మన పోటీ వేరేవాళ్లతో పడుతుంది. గ్యాస్ వర్గంలో (పెట్రోలును ఇక్కడ గ్యాస్ అంటారు) అయితే అక్కడ నిర్వాహకులు ఏర్పాటు చేసిన పెట్రోలే పోయించుకోవాలి, ఆ తరువాత ట్యాంకుకు సీలు వేస్తారు. ఇవన్నీ అయ్యాక ఇంజన్ పరిమాణాన్ని బట్టి ఒక అక్షరం వస్తుంది: 261 నుంచి 305.99 క్యూబిక్ అంగుళాల దాకా సి, 306 నుంచి 372.99 దాకా బి. మనం మొదటినుంచీ గురిపెట్టింది సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పంపు) లేని సి గ్యాస్ రోడ్‌స్టర్ వర్గానికి.

దానికి నేను ఎంచుకున్నది షెవ్రొలే 302. ఈ ఇంజన్ పుట్టిందే ఒక నియమం కోసం. ట్రాన్స్-యామ్ అనే అమెరికా కారు పందేలలో 305 క్యూబిక్ అంగుళాలు మించకూడదన్న హద్దు ఉండడంతో, 327 ఇంజన్‌లోని 4 అంగుళాల బోరుకు (సిలిండర్ వ్యాసానికి) 283 ఇంజన్‌లోని 3 అంగుళాల స్ట్రోకును (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని) జతచేసి 1967 నుంచి 1969 వరకు కమారో జెడ్-28లో దీన్ని అమ్మారు. లెక్క కడితే 301.6 వస్తుంది. మనం అదే కొలతలతో, 350 ఇంజన్ బ్లాకులో (సిలిండర్లు ఉండే దిమ్మలో) 3 అంగుళాల స్ట్రోకునిచ్చే క్రాంకు షాఫ్టు పెట్టి కట్టాము.

ఇక నా పొరపాటు. దొరికిన బ్లాకు పాతది, సిలిండర్లు అరిగి ఉన్నాయి, కాబట్టి బోరు చేయించక (లోపల చెక్కించి వెడల్పు చేయించక) తప్పదు. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి లేతు పక్కన నిలబడి. అక్కడ లారీ ఇంజన్ వస్తే ఎంత అరిగిందో చూసి ఇరవై థౌకో ముప్పై థౌకో బోరు కొట్టించి, దానికి సరిపడే ఓవర్‌సైజు పిస్టన్లు వేసి పంపేవాళ్లం. అంగుళంలో వెయ్యో వంతును మా పనిలో థౌ అంటాము. దానివల్ల ఇంజన్ ఎన్ని అంగుళాలు పెరిగిందని లారీ యజమాని ఏనాడూ అడగలేదు, మేమూ లెక్క కట్టలేదు. ఆ అలవాటుతోనే, ముప్పై థౌకైతే పిస్టన్లు వెంటనే దొరుకుతాయి కదా అనుకుని, కాగితం మీద 4.030 అని రాసి ఇచ్చాను. బోరు చేసిన షాపువాళ్ల తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. వాళ్లు నేను రాసినంతే, చక్కగా చేసి ఇచ్చారు.

ఎంట్రీ ఫారం నింపుతున్న రాత్రి సంగతి బయటపడింది. పరిమాణం రాయవలసిన గడి దగ్గర ఆగి కాలిక్యులేటర్ తీశాను. 306.13 అని చూపించింది. వేలు తప్పు మీట మీద పడిందేమో అనుకుని మళ్లీ కట్టాను, తరువాత మా ఆవిడను పిలిచి ఆవిడ చేత కట్టించాను. ఎవరు కట్టినా అంతే వచ్చింది. అప్పుడు వెనక నుంచి లెక్క వేస్తే, 3 అంగుళాల స్ట్రోకుతో సి వర్గంలో ఉండడానికి బోరు 4.029 దాటకూడదని తేలింది. అంటే మేము హద్దు దాటింది ఒక్క థౌ, తల వెంట్రుక మందంలో సుమారు మూడో వంతు. ఆ ఒక్క థౌతో మన కారు బి వర్గంలోకి పోయి, తనకన్నా 66 క్యూబిక్ అంగుళాలు పెద్దవైన ఇంజన్ల పక్కన అన్నిటికంటే చిన్నదిగా నిలబడవలసి వస్తుంది.

ఈ మాట చెప్పగానే మీలో ఒకరు, “ఇంత చిన్న తేడాను అక్కడ ఎవరు కొలుస్తారండీ?” అని అడిగారు. కొలుస్తారు. రికార్డు కొట్టిన కారును విడిగా ఉంచి, బోరు, స్ట్రోకు కొలిచాకే ఆ రికార్డును లెక్కలోకి తీసుకుంటారు. కొలవకపోయినా నేను ఆ ఫారం మీద 305 అని రాసేవాణ్ని కాదు.

సరిదిద్దడానికి మూడు దారులు ఉన్నాయి. ఎనిమిది సిలిండర్లకూ లోపల స్లీవులు (పలుచని ఉక్కు గొట్టాలు) దిగ్గొట్టి మళ్లీ 4 అంగుళాలకు తేవచ్చు. వీధిలో తిరిగే బండికి అది మంచి పనే కానీ, మైళ్ల తరబడి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచే ఇంజన్‌లో ఎనిమిది స్లీవులను నమ్మే ధైర్యం నాకు లేదు. క్రాంకును గ్రైండ్ చేయించి స్ట్రోకు తగ్గించవచ్చు, కానీ మంచి క్రాంకును పాడుచేసినట్టవుతుంది. మూడోది వేరే బ్లాకు తెచ్చుకుని ఇరవై థౌ దగ్గర ఆపడం. అప్పుడు 304.62 వస్తుంది, తరువాత కొంచెం అరిగినా హద్దులోనే ఉంటుంది. నేను ఇదే ఎంచుకున్నాను. చిక్కల్లా ఆ కొలతకు, మాకు కావలసిన ఎత్తుతో ఫోర్జ్‌డ్ పిస్టన్లు అరలో దొరకకపోవడం. చెప్పి చేయించుకోవాలి, వారాలు పడుతుంది, ఈలోగా ఆగస్టు దాటిపోతుంది.

కారులో మిగతా పని గురించి దాచవలసింది ఏమీ లేదు. డ్రైవరు చుట్టూ రక్షణగా ఉండే రోల్ కేజ్ చట్రానికి 1.625 అంగుళాల గొట్టం, 0.120 అంగుళాల గోడ మందంతో వాడాము. పారాషూటు, మంటలార్పే వ్యవస్థ బిగించాము. తనిఖీలో డ్రైవరు పూర్తి దుస్తులతో, హెల్మెట్‌తో, ఎవరి సాయం లేకుండా కారులోంచి బయటపడి చూపించాలి. మొదటిసారి ప్రయత్నించినప్పుడు చేతులకు కట్టే పట్టీలు స్టీరింగుకు చిక్కుకుని మా అబ్బాయి చాలాసేపు బయటికి రాలేకపోయాడు, అందుకే సీటు రెండు అంగుళాలు వెనక్కి జరిపాము.

ఇప్పుడు మీకు సంబంధించిన విషయం. గడువు దగ్గర పడుతోందన్న ఆదుర్దాలో ఆరు వారాల పాటు ఇద్దరు పనివాళ్లను మామూలు పనివేళల్లో కూడా రోడ్‌స్టర్ మీదే పెట్టాను, దానివల్ల ఒక మస్టాంగ్ బ్రేకుల పని, ఒక పాత మెర్సిడెస్ వైరింగు ఆలస్యమయ్యాయి. ఆ కార్ల యజమానులకు ఈ సంగతి అప్పుడే చెప్పవలసింది. “విడిభాగాలు రాలేదు” అని నేను చెప్పింది సగమే నిజం. క్షమించమని ఇద్దరినీ స్వయంగా కలిసి అడిగాను, ఆ పనుల్లో మిగిలిన కూలీ తీసుకోవడం లేదు. కొత్త బ్లాకు, పిస్టన్ల ఖర్చు పూర్తిగా షాపుదే, ఎవరి బిల్లులోకీ రాదు. ఇకమీదట రోడ్‌స్టర్ పని శని, ఆదివారాల్లో మాత్రమే జరుగుతుంది.

ఇలాంటి పోటీ కారు కట్టి ఇమ్మని అడ్వాన్సు ఇచ్చిన ఇద్దరూ ఇది చదివాక వెనక్కి తీసుకోదలిస్తే పూర్తిగా తిరిగి ఇస్తాను. కొనసాగేవారికి బోరింగుకు పంపే ముందే బోరు, స్ట్రోకు, వర్గం హద్దు రాసిన కాగితం చూపించి సంతకం తీసుకుంటాను. పక్కన పడిన 306 బ్లాకు మాత్రం అమ్మకానికి ఉంది. వీధి కారుకు అది నిక్షేపంలాంటి బ్లాకు, అది 305కు లోపా పైనా అని ట్రాఫిక్ పోలీసు అడగడు.

పిస్టన్లు అనుకున్న సమయానికి వస్తే శరదృతువులో ఎల్ మిరాజ్ ఎండిన సరస్సు మీద, అదే నియమాల కింద, 1.3 మైళ్ల దారిలో మొదటి పరుగు తీస్తాము. మనకు రెండు గంటల దూరం కూడా ఉండదు కాబట్టి రాదలచినవారు రావచ్చు. కొత్త బ్లాకు శుక్రవారం బోరింగుకు వెళ్తోంది. ఈసారి కాగితం మీద 4.020 అని అంకెల్లో రాసి, దాని కింద బ్యాంకు చెక్కు మీద రాసినట్టు అక్షరాల్లో కూడా రాశాను.