గోంగూర రెండు శనివారాలు ఎందుకు రాలేదంటే

గత రెండు శనివారాలు మా కూరల బండి డాలస్ దగ్గరి ఫ్రిస్కోకు, ప్లేనోకు, ఇర్వింగ్‌కు రాలేదు. మొదటి వారం ఫోన్ చేసినవారితో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని చెప్పాను. అది అబద్ధం. బండి కౌఫ్‌మన్‌లో మా తోట గేటు దగ్గరే ఉంది, నేను దాని కింద పడుకుని ఉన్నాను. ఆరేళ్ళుగా మా దగ్గరే కొంటున్న మీకు జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మా బండి 2001 నాటి డాడ్జ్ రామ్ 2500 డీజిలు ట్రక్కు. గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. నాలుగో గేరు ఓవర్‌డ్రైవ్. 60 మైళ్ళ వేగంలో మూడో గేరులోనైతే ఇంజను నిమిషానికి సుమారు 2300 చుట్లు తిరగాలి, ఓవర్‌డ్రైవ్‌లో 1600 చాలు. మాకు డీజిలు మిగిలేది అక్కడే. ఆగస్టు చివరి నుంచి 45 మైళ్ళు దాటగానే, యాక్సిలరేటరు మీద కాలు కదపకపోయినా, చుట్ల ముల్లు రెండు మూడు వందలు పైకీ కిందకీ ఊగడం మొదలైంది. ఎవరో వెనక నుంచి పట్టుకుని వదులుతున్నట్టు బండి కుదుపు. కూరల ట్రైలరు తగిలించుకుని టెక్సస్ ఎండలో అలాగే వస్తే గేరుబాక్సు నూనె మరిగిపోతుంది. అందుకే ఆగిపోయాను.

గేరుబాక్సులు చూసే షాపువాళ్ళు పది నిమిషాలు నడిపి, ఓవర్‌డ్రైవ్ పోయింది, మొత్తం విప్పి కట్టాలి, 4200 డాలర్లు అన్నారు. సోమవారం బండి తెస్తానని 500 అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి నిద్ర లేదు. చలికాలపు నారుమళ్ళకు కొత్త ప్లాస్టిక్ కప్పు వేయడానికి దాచిన డబ్బు అది. మా ఆవిడ, "కట్టేద్దాం, శనివారాలైనా నిలబడతాయి" అంది. బావమరిది ఈ ముసలి ట్రక్కును అమ్మేసి వ్యాను కొనమన్నాడు. ఇద్దరూ నా మంచికే చెప్పారు. కానీ గేరుబాక్సు నూనె ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. తెల్లవారుజామున లేచి గేరుబాక్సు అడుగు పళ్ళెం విప్పాను. అయస్కాంతానికి కాస్త బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంది, అది మామూలే. క్లచ్ ప్లేట్లు అరిగి రాలే పొట్టు ఎక్కడా లేదు. ప్లేట్లు కాలిన గేరుబాక్సు ఇలా ఉంటుందా? బండి ఇవ్వనని షాపుకు చెప్పేశాను. అడ్వాన్సు తిరిగి రాలేదు. మొండితనం అంటే అనండి.

తర్వాత, మా పక్క పొలాల ట్రాక్టర్లు బాగుచేసే ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. "ఈ మధ్య బండిలో ఏం మార్చావు?" అని మాత్రమే అడిగాడు. మూడు వారాల కిందట, బ్యాటరీలను చార్జి చేసే ఆల్టర్నేటరు మార్చాను. దాని తీగ పీకి, బ్యాటరీల మీదే కాసేపు రోడ్డెక్కమన్నాడు. 45 దాటింది, 55 దాటింది, ముల్లు కదల్లేదు. బండి ఆపి తీగ తగిలించాను. ఊగింది. మళ్ళీ పీకాను. ఆగింది.

ఆల్టర్నేటరులో పుట్టేది ఏసీ కరెంటు. లోపలి డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. ఒక్క డయోడు చెడినా కొంత ఏసీ బండి తీగల్లోకి పాకుతుంది. కాలు ఎంత నొక్కామో చెప్పే సెన్సరు సంకేతంలో అది కలిస్తే, మనం కాలు ఎత్తుతూ దించుతూ ఉన్నామని కంప్యూటరు భ్రమపడి ఇంజనును గేరుబాక్సుతో గట్టిగా కలిపి పట్టే టార్క్ కన్వర్టరు లాకప్‌ను వేస్తూ తీస్తూ ఉంటుంది. ముల్లు ఊగేది అందుకే. మీటరు పెట్టి చూస్తే, 0.1 వోల్టు దాటకూడని ఏసీ 0.5 దగ్గర ఉంది.

ఆ ఆల్టర్నేటరు బాగుచేసి అమ్మిన సరుకు. అది అమ్మిన విడిభాగాల షాపు కౌంటరుకు మూడుసార్లు వెళ్ళాను. వాళ్ళ యంత్రం మీద పచ్చదీపం వెలిగింది, చార్జింగు బాగుందన్నారు. చార్జింగు గురించి నేను అడిగానా? నా మీటరు చూపిస్తే అది తమకు లెక్కలోకి రాదన్నారు. పదేళ్ళుగా బెల్టులు, ఫిల్టర్లు, బ్యాటరీలు అన్నీ అక్కడే కొన్నాను. చివరికి అదే రకం ఇంకొకటి చేతిలో పెట్టబోయారు. తీసుకోలేదు. వేరేచోట కొత్తది కొని బిగించాను. ట్రైలరు నిండా మట్టి బస్తాలు వేసుకుని 150 మైళ్ళు తిరిగి చూశాను. బండి బాగుంది.

వచ్చే శనివారం నుంచి పాత వేళలకే వస్తాను. ధరలు పెంచను. ముందే డబ్బు పంపినవారికి ఆ మొత్తం ఈ వారం సరుకులో తగ్గిస్తాను, వద్దంటే తిరిగి పంపుతాను. మా తోట మూసేశారట అని వాట్సాప్‌లో ఒకరు రాశారు, చదివాను. వేరేచోట కొనుక్కున్నందుకు ఎవరినీ ఏమీ అనను. ఆ మాట రాసే ముందు మాత్రం నాకొక ఫోన్ చేయవలసింది.

గోంగూర కోయకపోవడంతో ఆకు ముదిరింది. పప్పులోకి లేతాకే కావాలంటే ఇంకో వారం ఆగండి. పచ్చడికైతే ఈ ముదురాకే పనికొస్తుంది, గురువారం రాత్రిలోగా చెప్పండి. బీరకాయలు మాత్రం ఈ వారం లేవు, అన్నీ పీచుకట్టిపోయాయి.