బుధవారం తిరునాళ్ల

ఒరేయ్ బావా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను రైల్లో ఉన్నాను. ఫించ్లీ రోడ్ స్టేషన్ దాటి సొరంగంలోకి దిగుతోంది. నువ్వన్నవాటిలో రెండు ముక్కలే వినపడ్డాయి. ఒకటి, మీ అమ్మాయికి లండన్‌లో ఉద్యోగం వచ్చిందని. రెండోది, "ఇంత దూరం పోయి పల్లెటూళ్లో ఉంటావేంట్రా" అని. మొదటిదానికి మీ చెల్లెలు ఆ రోజే పాయసం చేసింది. రెండోదానికి ఫోన్‌లో జవాబు కుదరదు కాబట్టి ఈ ఉత్తరం. కాఫీ పెట్టించుకుని తీరిగ్గా చదువు.

మేముంటున్న ఈ పిన్నర్ పల్లెటూరు కాదురా. 1965 నుంచి లండన్‌లోనే, హారో బరోలో ఉంది. బరో అంటే నగరంలో ఒక పాలనా విభాగం. అయినా ఇక్కడివాళ్లు "విలేజ్‌లోకి వెళ్లొస్తాం" అనే అంటారు. వెళ్లేది ఎక్కడికంటే, పది నిమిషాల నడకలో ఉన్న హై స్ట్రీట్‌కి, బ్రెడ్డు తెచ్చుకోవడానికి. అడ్రసు చివర ఇప్పటికీ మిడిల్‌సెక్స్ అని పాత కౌంటీ పేరు, అంటే మన జిల్లా లాంటిది, రాసే పెద్దాయన మా వీధిలోనే ఉన్నాడు. ఆ కౌంటీ కౌన్సిల్ పోయి అరవై ఏళ్లయింది. మన పోరంకిని గుర్తు తెచ్చుకో. బందరు రోడ్డు పొడుగునా అపార్టుమెంట్లు లేచి, బెజవాడ ఎక్కడ ఆగిందో ఊరు ఎక్కడ మొదలైందో తెలీకుండా పోయాక కూడా, మీ నాన్నగారు సంచీ పట్టుకుని "బెజవాడ వెళ్లొస్తా" అని చెప్పే బయల్దేరేవారు కదా. ఇదీ అదే జబ్బు.

ఈ ఊరిని లండన్‌లో కలిపింది రైలు. 1885లో మెట్రోపాలిటన్ రైల్వే ఇక్కడ స్టేషన్ పెట్టింది. ఆ కంపెనీవాళ్లు మహా గడుసువాళ్లు. పట్టాల పక్కన మిగిలిన భూముల్ని మిగతా కంపెనీల్లాగా వదులుకోకుండా అట్టిపెట్టుకున్నారు. 1919లో ఇళ్ల వ్యాపారానికి ఏకంగా వేరే కంపెనీయే పుట్టింది. ఈ ప్రాంతమంతటికీ "మెట్రోల్యాండ్" అని పేరు పెట్టి 1915 నుంచి పుస్తకాలు అచ్చేశారు. పొద్దున ఆఫీసు, సాయంత్రం గులాబీ తోట అన్నట్టు ఊరించారు. ఇల్లు కొన్నవాడు రోజూ టిక్కెట్టు కొంటాడు, రైలు ఉందని ఇంకొకడు ఇల్లు కొంటాడు. మన వెంచర్లవాళ్లు రంగు జెండాలు పాతి, రింగు రోడ్డు రాబోతోందని చెప్పి ప్లాట్లు అమ్ముతారు. వీళ్లు కనీసం రైలు ముందు వేశారు.

మా ఇల్లు కూడా ఆ కాలం సరుకే, 1930ల నాటిది. రెండిళ్లకి మధ్యలో ఒకే గోడ. ముందు భాగంలో తెల్ల సున్నం మీద నల్ల చెక్కలు అడ్డంగా నిలువుగా కొట్టి ఉంటాయి, అయిదువందల ఏళ్ల నాటి ఇల్లులా కనపడాలని. నిజంగా దూలాల మీద నిలబడ్డ పాత ఇళ్లు హై స్ట్రీట్‌లో ఉన్నాయి, కొంచెం పక్కకి ఒరిగి. మావి ఉత్త అలంకారం. ఆ ఉమ్మడి గోడ సంగతి మీ చెల్లెలికి మొదటి ఆదివారమే తెలిసింది. పొద్దున్నే ఏడింటికి దోసెల పిండికి మిక్సీ వేసింది. తొమ్మిదింటికి పక్కింటావిడ కేకు పట్టుకుని వచ్చి, చాలా మర్యాదగా, మా ఇంట్లో ఏదైనా మరమ్మతు జరుగుతోందా అని అడిగింది. అప్పట్నుంచి పిండి శనివారం సాయంత్రమే రుబ్బుకుంటున్నాం. కేకు మాత్రం బాగుంది.

అమ్మాయి కోసం అడిగావు కాబట్టి సౌకర్యాల సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. రైలుకి వంక పెట్టడానికి లేదు. లండన్ నడిబొడ్డున ఉన్న బేకర్ స్ట్రీట్‌కి అటూఇటూగా అరగంట. పెట్టెలన్నీ కలిసే ఉంటాయి, ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచిపోవచ్చు, ఏసీ కూడా ఉంది. కానీ నడిబొడ్డు నుంచి దూరాన్ని బట్టి జోన్లు కట్టి ఛార్జీ వేస్తారు, ఇది అయిదో జోన్, టిక్కెట్టు జేబుకి చిల్లు పెడుతుంది. ఇంటి అద్దె దానికి అన్నయ్య. బస్సులకి లోటు లేదు. 183 ఎక్కితే హారో, కెంటన్ మీదుగా గోల్డర్స్ గ్రీన్ దాకా పోవచ్చు. లైబ్రరీ ఉంది, పార్కు ఉంది. ఆ పార్కులోనే హీత్ రాబిన్సన్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మల మ్యూజియం, 2016లో తెరిచారు. ఆయన కొన్నేళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాడు. గుడ్డు పగలగొట్టడానికి పది చక్రాలు, ఇరవై తాళ్లు కట్టినట్టుండే యంత్రాలు గీసేవాడు. నేను టేపు చుట్టి నిలబెట్టిన మా వంటింటి కుళాయిని చూసి మా అబ్బాయి ఆయన పేరే పెట్టాడు.

కూరగాయలకి బెంగలేదు. రేనర్స్ లేన్ వైపు తమిళుల దుకాణాల్లో కరివేపాకు, మునక్కాడలు, బెండకాయలు అన్నీ దొరుకుతాయి. పెద్ద సరుకులకి వెంబ్లీ ఈలింగ్ రోడ్డుకి పోతాం, అక్కడ అంతా గుజరాతీ సందడి. గోంగూర మాత్రం గడ్డకట్టిన ప్యాకెట్టే దిక్కు.

డాక్టరు సంగతే కష్టం. డబ్బు అడగరు, నిజమే. కానీ పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ చెయ్యాలి. పోయినేడు చెవిపోటు వచ్చినప్పుడు చేస్తే, "మీ ముందు పద్నాలుగు మంది ఉన్నారు" అంది గొంతు. పోటు లేని చెవికి ఫోన్ ఆనించుకుని నలభై నిమిషాలు పియానో విన్నాను. నా వంతు వచ్చేసరికి ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోయాయి. మర్నాడు మళ్లీ ఎనిమిదింటికి.

సరే, మంచి మాట చెప్తాను. హై స్ట్రీట్ ఎక్కి పోతే చివర రాతి చర్చి, 1321 నాటిది. ఆ ఆవరణలో ఒక సమాధి ఉంది చూడూ, వచ్చినవాళ్లని నేను తీసుకెళ్లేది అక్కడికే. ఎత్తుగా కోసుగా కట్టిన రాతి కట్టడం, దాని నడుములోంచి శవపేటిక రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చి గాల్లో ఉంటుంది. లౌడన్ అని తోటల మీద పుస్తకాలు రాసిన పెద్దమనిషి తన తల్లిదండ్రులకి కట్టించాడు. వాళ్లు నిజంగా ఉన్నది నేల కిందే. కానీ జనం చెప్పుకునే కథ వేరే. శరీరాలు నేల మీద ఉన్నంతకాలమే ఆస్తి దక్కుతుందని వీలునామాలో ఉందట, అందుకే పైకి ఎత్తి పెట్టారట. అన్నదమ్ముల ఆస్తి తగాదాలు నలభై ఏళ్లు చూసిన ప్లీడరువి, ఇలాంటి క్లాజు నీ దగ్గరికి ఎప్పుడైనా వచ్చిందా?

ఇక తిరునాళ్ల. 1336లో మూడో ఎడ్వర్డ్ రాజు ఈ ఊరికి సంత పెట్టుకునే హక్కు రాసిచ్చాడు. ఇప్పటికీ ఏటా జరుగుతుంది. మే ఆఖరి సోమవారం సెలవు, ఆ తర్వాత వచ్చే బుధవారం. శనాదివారాలు పెట్టుకుంటే హాయి కదా అని నేను ఒకసారి అన్నాను. మిడిల్‌సెక్స్ పెద్దాయన నన్ను చూసిన చూపు చెప్పలేను. ఆ రోజు నడిబొడ్డు వీధులన్నీ మూసేస్తారు. రోజూ బస్సాగేచోట రంగులరాట్నం లేస్తుంది. బ్యాంకు గుమ్మం ముందు మిఠాయి కొట్టు, చర్చి దాకా జనం. మాటా పలుకూ లేకుండా రైలెక్కే మనుషులు, ఆ సాయంత్రం ఒకళ్ల భుజం ఒకళ్లు రాసుకుంటూ గోలగోలగా తిరుగుతారు. నాకు ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లలో నువ్వు నన్ను జెయింట్ వీల్ ఎక్కించి, పైన ఆగిపోగానే ఏడుపు మొదలెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఏడ్చింది నువ్వే, మాట మార్చకు. మర్నాటి పొద్దున్నకి చూస్తే ఒక్క కాగితం ముక్క లేదు, బస్సు దాని చోట అది ఆగింది.

అయితే తిరునాళ్ల చూసి అమ్మాయి ఇల్లు తీసుకుంటే మోసపోతుంది. నవంబరులో ఒక మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి రైలు దిగి, స్టేషన్ నుంచి మా ఇంటికి ఒక్కతీ నడిచి రమ్మను. షాపులు మూసేసి ఉంటాయి, తడి రోడ్డు మీద నక్క ఎదురొస్తుంది, మనిషి రాడు. ఆ నిశ్శబ్దం నాకు యాభై దాటాక రుచించింది. ఇరవై అయిదేళ్ల పిల్లకి రుచించకపోతే వెంబ్లీలోనో హారోలోనో చూద్దాం. ఈలోగా మా పైగది ఖాళీయే, మా మేనకోడలు హోటల్లో దిగిందంటే నీతో మాట్లాడను.

దానితో గోంగూర పచ్చడి పంపమని చెల్లెమ్మకి చెప్పు. ఉప్పు కాస్త తగ్గించమను. బీపీ పెరిగితే నేను మళ్లీ ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

నీ
బావ