పక్షవాతంలో మెదడు రక్షణ కణాల పాత్ర

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతంపై పత్రికల్లో వచ్చే రాతలు రక్తనాళంలోని గడ్డ దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ తర్వాత మెదడులో జరిగేదీ పాఠకులకు తెలియాలి. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా 1919లో వివరించిన మైక్రోగ్లియా మెదడుకు సొంత రక్షణ కణాలు. మామూలుగా సన్నని కొమ్మలు చాచి చుట్టుపక్కల తడుముతూ ఉండే ఈ కణాలు, రక్తం అందక నాడీకణాలు చనిపోవడం మొదలవగానే కొమ్మలు ముడుచుకొని, ఉబ్బి, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి వాపు రసాయనాలను వదులుతాయి. దాంతో కోలుకోగలిగిన కణాలు కూడా కొన్ని దెబ్బతింటాయి. అయినా వీటిని శత్రువులనడం తొందరపాటే. చచ్చిన కణాల చెత్తను తొలగించేవీ, మరమ్మతుకు తోడ్పడేవీ ఇవే. ఎలుకల్లో వీటిని ముందే తీసేస్తే నష్టం పెరిగినట్టు కొన్ని ప్రయోగాల్లో తేలింది.

వీటిని అదుపు చేసే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. అందుకే వేళకు ఆస్పత్రికి చేరడమే ముఖ్యం. అలాంటిది ములుగు, భూపాలపల్లి వైపు మూతి వంకరపోయిన మనిషికి పసరు పోయించి, పడిపోయిన చేతికి నూనె మర్దన చేస్తూ తెల్లవారే దాకా ఆగుతున్నారంటే గుండె తరుక్కుపోతుంది. గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా 4.5 గంటలే గడువు, అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. ప్రతి జిల్లా ఆస్పత్రిలో రాత్రిపూట కూడా స్కాన్ తీసి, చూసి చెప్పే ఏర్పాటు ఉండాలని, అది ఎక్కడుందో 108 సిబ్బందికి ముందే తెలియజేయాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, హనుమకొండ